మొదట తలుపు కొట్టిన మనిషి

దూడ పళ్ళు నూరుతోంది. రాయి మీద రాయి పెట్టి రుద్దినట్టున్న ఆ చప్పుడు కొట్టం బయటికి కూడా వినిపిస్తోంది. థిర్జా ఎండికాట్ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, గోరువెచ్చని గంజి గిన్నె దాని మూతి దగ్గర పెట్టింది. దూడ గిన్నె వంక చూడలేదు. లేచి, తూలుతూ నాలుగడుగులు వేసి, రాతిగోడకు నుదురు ఆనించి, గోడను తోసుకుని అవతలికి పోదామన్నట్టు నెట్టసాగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. థిర్జా వాటి ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు.

"దీని పనీ అయిపోయింది," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ జెత్రో. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మొన్న చుక్కదూడ. నిన్న కుంటిదాని పిల్ల. ఇవాళ ఇది."

అతని వెనక నుంచి వాళ్ళమ్మ టామ్సిన్ మెడ సాచి చూసింది. "గోడకు తలపెట్టి ఎలా తోస్తోందో చూశావుట్రా? అది తొయ్యడం కాదు. వెనక నుంచి దాన్ని ఎవరో తోస్తున్నారు."

"అత్తయ్యా, అది జబ్బుతో ఉంది."

"జబ్బయితే దగ్గొస్తుంది, పారుతుంది, ఒళ్ళు కాలుతుంది. కళ్ళుండీ గుడ్డిదైపోయే జబ్బు నా ఎనభై ఏళ్ళలో నేను చూళ్ళేదమ్మా. కన్ను పడింది. ఎవరి కన్నో నా నోటితో చెప్పించకు."

చెప్పించనక్కర్లేదు. ముగ్గురికీ తెలుసు. ఎండికాట్‌ల దూడల బీడులోంచి కిందికి ఒక కాలిదారి ఉంది. పల్లంలో ఒంటరిగా ఉండే కెజియా వాన్‌స్టోన్ ఊటనీళ్ళకు ఆ దారినే వచ్చేది. పెళ్ళయి ఆ గుడిసెలోకి వచ్చిన నాటి నుంచీ వచ్చేది. మంచు కరిగే రోజుల్లో జెత్రో ఆ దారిని మూసేశాడు. ముసలావిడ కంచె తలుపు సరిగా వెయ్యడంలేదనీ, దూడలు బయటికి పోతున్నాయనీ అన్నాడు. పైఊళ్ళో పడగొట్టిన బంగళా కిటికీ తలుపులు, ఆకుపచ్చ రంగువి, బండిమీద వేసుకొచ్చి దారికి అడ్డంగా వరసగా కొట్టాడు. కెజియా అవతల బిందెలతో నిలబడి, కొట్టడం అయ్యేదాకా చూసి, "దీనివల్ల నీకు మంచి జరగదు జెత్రో," అని వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ బాటవెంట చుట్టూ తిరిగి, వంతెన దగ్గర మురికి వాగులో నీళ్ళు పట్టుకుంటోంది.

దూడ ఒక్కసారి కాళ్ళు బిగబట్టి పక్కకు పడిపోయింది. థిర్జా గంజి గిన్నె దూరంగా పెట్టి, అది కొట్టుకోవడం ఆగేదాకా దాని చెవి వెనక నిమురుతూ కూర్చుంది. లేచేసరికి జెత్రో గుర్రానికి జీను వేస్తున్నాడు.

"ఎక్కడికి?"

"హెక్స్ట్ దగ్గరికి."

"ఆదివారం మందిరంలో ప్రసంగం విన్నావు కదా జెత్రో. అలాంటి మంత్రాలవాళ్ళ దగ్గరికి పోవద్దని—"

"ప్రసంగం చెప్పినాయనకు దూడలు లేవు," అన్నాడు జెత్రో, పట్టీ బిగిస్తూ.

*

సాయంత్రం దీపం పెట్టే వేళకు తిరిగొచ్చాడు. టామ్సిన్ అప్పటికే కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కుని కూర్చుంది. థిర్జా బార్లీ రొట్టె, ఉప్పుమాంసం ముందు పెట్టింది. అతను తినలేదు. ఆపిల్ సారా చెంబెడు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పేరు నేను చెప్పలేదమ్మా. ఒట్టు, చెప్పలేదు. నీళ్ళ గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు. 'నీ ఇంటికి దగ్గర్లో, పల్లంలో, ఒంటరిగా ఉండే ఆడమనిషి' అన్నాడు. ఒళ్ళు జలదరించింది నాకు."

"చూశావా!" అంది టామ్సిన్ కోడలితో.

"దానికి ముందు నిన్నేమీ అడగలేదా?" అంది థిర్జా.

"ఏమడుగుతాడు? ఎవరితోనైనా గొడవ ఉందా అన్నాడు. దారి సంగతి చెప్పాను. అంతే."

థిర్జా రొట్టె కత్తిని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. అత్తగారి ముఖంలో ఆ క్షణాన ఉన్న వెలుగు చూస్తే, ఆ మనిషికి ముందే చెప్పింది నువ్వేగా అన్నా ఎవరి చెవిలోనూ దూరదని అర్థమైంది.

హెక్స్ట్ చెప్పిన పద్ధతి జెత్రో అప్పజెప్పాడు. చచ్చిన దూడ గుండె తియ్యాలి. కొత్త గుండుసూదులూ నల్లముళ్ళూ దానికి నిండా గుచ్చాలి. శుక్రవారం పొద్దు పొడిచేటప్పుడు పొగగొట్టంలో మంట మీదుగా వేలాడదీయాలి. అది ఎండి ముడుచుకుపోతున్న కొద్దీ, కన్ను వేసిన మనిషి గుండెలో పోట్లు పుడతాయి. తట్టుకోలేక ఏదో ఒక వంకతో ఇంటికొచ్చి తలుపు కొట్టి, చేబదులు ఏదైనా అడుగుతుంది. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. గడప దాటి ఏ వస్తువూ బయటికి పోకూడదు. మొదట వచ్చి అడిగిన మనిషే ఆ మనిషి. లాడం మేకుతో ఆ ఒంటిమీద నెత్తురు కళ్ళజూస్తే కట్టు తెగిపోతుంది.

"శుక్రవారమా?" అంది థిర్జా. "శుక్రవారం పొద్దున్న కెజియా పిన్నమ్మ రొట్టెలోకి పులిసిన పిండి కోసం ఎలాగూ వస్తుంది కదా. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ప్రతి శుక్రవారం వస్తూనే ఉంది."

"ఎలాగూ వచ్చేదాన్ని అలా రప్పించేది సైతాను కాక ఎవరంటావు?" అంది టామ్సిన్.

జెత్రో జేబులోంచి కొత్త లాడం మేకు తీసి పొయ్యి పైనున్న రాతి పలకమీద, బైబిల్ పక్కన పెట్టాడు. థిర్జా లేచి వెళ్ళి బైబిల్ తీసుకుని లోపలి గదిలో పెట్టుకుంది.

*

మర్నాడు పొద్దున్న మీగడ కట్టడానికి వెడల్పాటి పాల పళ్ళెం సన్నని సెగ మీద పెట్టింది. పాలు మరగకూడదు. అంచుల వెంట చిన్న ముడతలు పడి, పైన పసుపచ్చని తొక్క బిగిసేదాకా కదపకూడదు. ఈ పనిలో థిర్జా చెయ్యి ఎప్పుడూ తడబడదు. పళ్ళెం దించుతుండగా పక్కన టామ్సిన్ దూడ గుండెకు సూదులు గుచ్చుతూ అంది:

"హోల్న్ అవతల ఊళ్ళో ఒక ఆడదానికి ఇలాగే మేకుతో గీరారు, నా చిన్నప్పుడు. దవడ మీద. చీము పట్టి కన్ను పోయింది. ఆ తర్వాత ఎవరూ దాని గడప తొక్కలేదు, దాన్ని తొక్కనివ్వలేదు. చివరికి అనాథల ఇంట్లో పోయింది. కాని ఆ ఊళ్ళో ఆవులు మాత్రం మళ్ళీ చావలేదు సుమా."

పళ్ళెం ఒరిగింది. వేడిపాలు థిర్జా మణికట్టు మీద పడ్డాయి.

"మెల్లిగానే, మెల్లిగా! మీగడ పోయిందా?"

"పోలేదత్తయ్యా," అంది థిర్జా, పళ్ళెం చల్లని రాతిమీద దించి.

మధ్యాహ్నం టామ్సిన్ కునుకు తీసింది. జెత్రో మిగిలిన దూడల్ని చూడ్డానికి బీడులోకి వెళ్ళాడు. మూడు మిగిలాయి. అవి అలవాటుగా ఆకుపచ్చ చెక్కల పక్కన వరసగా నిలబడి, వాటిని నాకుతున్నాయి. తల్లి పొదుగు మాన్పించిన దూడలు ఏది కనిపిస్తే అది నాకుతాయి. థిర్జా శాలువా కప్పుకుని, బాటవెంట చుట్టూ తిరిగి పల్లంలోకి దిగింది. అలా ఆ చుట్టుదారిన ఆమె నడవడం అదే మొదలు. వెళ్ళేసరికి కాళ్ళు పీకాయి. చేతిలో బిందెలు కూడా లేవు.

కెజియా గుమ్మంలో కూర్చుని ఎండుపుల్లలు విరుస్తోంది. థిర్జాను చూసి, "ఏమే పిల్లా, మీ అత్త నిద్రపోయిందన్నమాట," అంది. తర్వాత మణికట్టు చూసి పుల్లలు పక్కన పడేసింది. "ఎప్పుడు పడింది?"

"పొద్దున్న. దానికోసం రాలేదు పిన్నమ్మా."

"దేనికోసం వచ్చినా ముందు ఇలా కూర్చో."

చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, కాలిన చోటికి కాస్త పైగా తన అరచెయ్యి తాకీ తాకకుండా తిప్పింది. పెదవులు కదిలాయి. మాట వినపడలేదు. వినపడకూడదు కూడా. ఆ మాటలు ఆవిడకు ఒక మగవాడి నుంచి వచ్చాయి, ఎప్పుడో ఆవిడ మరో మగవాడికే చెప్పాలి. చెప్పిన రోజున ఆవిడలోంచి ఆ శక్తి పోతుంది. చివర మూడుసార్లు ఊదింది. ఆవిడ ఊపిరికి ఉల్లిపాయ వాసన వచ్చింది. మంట తగ్గిందో, తగ్గుతుందనే నమ్మకంతో మనసు తేలికయిందో థిర్జాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

"నీ మేలు ఎన్నటికీ మర్చి—"

"ఆ!" కెజియా వేలెత్తింది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఆ మాట అంటే చేసిందంతా విరిగిపోతుంది. ఊదింది నేను, తగ్గించేది ప్రభువు. మధ్యలో నాకు చెబుతావేం? ఇప్పుడు చెప్పు, దేనికొచ్చావు."

థిర్జా చెప్పింది. గుండె, సూదులు, మేకు, శుక్రవారం. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు.

"రేపొక్కరోజు రాకు పిన్నమ్మా. పిండి నేనే ఇవాళ తెచ్చి ఇచ్చేదాన్ని, మా అత్తయ్య కుండకు కాపలా ఉంది. ఒక్క వారం ఉత్త రొట్టె తిను."

కెజియా నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "నేను రేపు రాకపోతే ఎల్లుండి మీ అత్త ఏమంటుంది? నొప్పులతో మంచం పట్టి లేవలేకపోయింది, అందుకే రాలేదు అంటుంది. ఊరంతా అంటుంది. వస్తే మంత్రగత్తెను, రాకపోతే రెండింతల మంత్రగత్తెను."

"అయితే మీ అక్క ఊరు వెళ్ళు."

"పారిపోయానంటారు." పుల్ల ఒకటి తీసుకుని పటుక్కున విరిచింది. "చూడమ్మా, నేను ఆ గుమ్మంలోకి మీ మామగారి కాలం నుంచీ వస్తున్నాను. మీ ఆయన పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఈ చెయ్యి. ఎప్పటిలాగే వస్తాను. ఎప్పటిలాగే చెంబు పట్టుకుని వస్తాను. గీరితే గీరనీ. ఎవరికి గీరుతున్నాడో వాడు ఒకసారి చూసుకోవాలిగా."

"పిన్నమ్మా, దూడల మీద నీకు—" థిర్జా అడగాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

కెజియా విరిగిన పుల్లను కట్టలోకి విసిరింది. "కోపం వచ్చింది. రాదా మరి? బిందె మోసిన ప్రతిరోజూ వస్తుంది. కోపంతో దూడలు చస్తే ఈ జిల్లాలో ఒక్క గొడ్డు మిగలదు. ఇంటికి పో, మీ అత్త లేస్తుంది."

*

శుక్రవారం పొద్దు పొడవకముందే జెత్రో చిత్తడి నేలలో కోసి ఎండబెట్టిన నల్లమట్టి పెళ్ళలు పేర్చి మంట రాజేశాడు. సూదులూ ముళ్ళూ గుచ్చిన గుండెను తీగతో పొగగొట్టంలో వేలాడదీశాడు. ముందు వాకిట తలుపుకు గడియ పెట్టాడు. తర్వాత పెదవుల మీద వేలు పెట్టి అమ్మకూ, భార్యకూ చూపించాడు. అప్పటి నుంచి మాట లేదు.

గుండె చిటపటమంది. కొవ్వు కరిగి ఒక్కొక్క చుక్కా మంటలో పడుతుంటే బుస్సుమంటోంది. కాలిన మాంసం వాసన ఇంట్లోంచి పోయే దారిలేక దూలాల కింద నిలిచింది. టామ్సిన్ పొయ్యికి ఎదురుగా కూర్చుని రెప్పవెయ్యకుండా చూస్తోంది. జెత్రో తలుపు పక్కన స్టూలు వేసుకున్నాడు. మేకు పిడికిట్లో పట్టుకున్నాడు. కాసేపు కుడిచేత్తో, కాసేపు ఎడమచేత్తో. అరచెయ్యి చెమట పట్టిందేమో, పాంటుకు తుడుచుకున్నాడు.

థిర్జా నేల తుడిచింది. కొవ్వొత్తి స్టాండ్లు తోమింది. చెయ్యడానికి పని ఏమీ మిగలనప్పుడు పాలగది వైపు చూపించి, మీగడ తియ్యాలని సైగ చేసింది. జెత్రో తలూపాడు.

పాలగదిలో చల్లగా ఉంది. ఇక్కడికి వాసన రాలేదు. పలకరాతి మీద పళ్ళెం. పైన గట్టిపడ్డ పసుపచ్చని తొక్క. ఆమె చిల్లుల గరిటె అంచున దూర్చి, మీగడను మడతలు మడతలుగా ఎత్తి గిన్నెలో వేసింది. ఎదురుగా చిన్న కిటికీ. కిటికీలోంచి బాట మలుపు కనిపిస్తుంది. ఆమె రెండోసారి గరిటె ఎత్తేసరికి మలుపులో నల్లని టోపీ కనిపించింది.

కెజియా. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో చెంబు. ఎప్పటికంటే మెల్లిగా నడుస్తోంది. చుట్టుదారి నడిచి మోకాళ్ళు పట్టేశాయి కాబోలు, మధ్యమధ్య ఆగి కర్రమీద వాలుతోంది. ఇంట్లోంచి చూసేవాళ్ళకు ఆ ఆగడం ఎలా కనిపిస్తుందో థిర్జాకు తెలుసు. గుండెలో పోట్లు.

గరిటె పెట్టేసింది. పాలగదికి పెరట్లోకి ఒక తలుపు ఉంది. ఆ తలుపు గడియమీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

పని తేలికే. పెరట్లోంచి చుట్టూ వెళ్ళి ముందు తలుపు కొట్టి ఏదో ఒకటి అడగడమే. కాని అది అబద్ధం కదా. వచ్చి అడిగిన మనిషే చెడు కోరిన మనిషి అని వాళ్ళు నమ్ముతున్నారు. తాను కాని మనిషినని చూపించుకోవడం, నోటితో చెప్పినా చెప్పకపోయినా, అబద్ధమే. ప్రభూ, మంచికోసమైనా అబద్ధం ఆడవచ్చా?

ప్రార్థన అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే జెత్రో చెక్కలు కొట్టిన రోజు కళ్ళముందుకొచ్చింది. చెక్కలు నిలబెట్టి పట్టుకున్నది తనే. మేకులు పళ్ళ మధ్య పట్టుకుని, అతను చెయ్యి చాచినప్పుడల్లా ఒక్కొక్కటి తీసి ఇచ్చింది. అవతల ముసలావిడ బిందెలతో నిలబడి ఉంది. నోట్లో మేకులుండటంవల్ల మాట్లాడలేకపోయానని ఆ రాత్రి తనకు తాను చెప్పుకుంది. కాని ఆ ఇనుపరుచి నాలుకమీద ఉండగానే మనసులో అనుకుంది, స్పష్టంగా, ప్రార్థనలా: ఈ పనివల్ల ఈయనకు మంచి జరగకూడదు.

కెజియా అదే మాట పైకి అంది. తాను లోపల అంది. తేడా అంతే.

థిర్జా గడియ తీసింది.

*

మూడుసార్లు కొట్టింది. లోపల స్టూలు కిందపడ్డ చప్పుడు. గడియ లాగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. జెత్రో పిడికిలి భుజం దాకా ఎత్తి ఉంది.

"చిటికెడు ఉప్పు చేబదులు ఇస్తారా?" అంది థిర్జా.

అతను ఆమె వెనక్కి చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి మూసుకున్నాడు. లోపల్నుంచి టామ్సిన్ గొంతే ముందు లేచింది.

"ఏమిటే ఈ వేషాలు! మీగడ తీస్తానని వెళ్ళి వీధి తలుపు కొడతావా? అంతా పాడుచేసి పెట్టావు కదే!"

"పాడుచెయ్యలేదత్తయ్యా. తలుపు కొట్టాను, అడిగాను. హెక్స్ట్ గారు చెప్పింది అదేగా."

"లోపలికి రా థిర్జా," అన్నాడు జెత్రో. "ఇది ఆట కాదు."

"ఆడటంలేదు."

"నువ్వు ఇంటిమనిషివి."

"ఇంటిమనిషి కాకూడదన్నాడా?"

జెత్రో మొండివాడే కాని అబద్ధాలకోరు కాదు. ఆలోచించాడు. "అనలేదు," అన్నాడు.

"చెక్కలు కొట్టిన రోజు నీకు మేకులు అందించాను చూడు, అప్పుడు అనుకున్నాను, నీకు మంచి జరగకూడదని. దేవుడికి చెప్పుకున్నట్టే అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం మందిరంలో నీ పక్కన కూర్చుని, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. కన్ను పడిందంటే అది నాదే అయ్యుండాలి."

వాకిట్లో కర్ర చప్పుడయింది. కెజియా గేటు తోసుకుని లోపలికొచ్చి, ముగ్గుర్నీ చూసి, అక్కడే ఆగింది.

"అదిగో!" టామ్సిన్ కుర్చీలోంచి లేచింది. "అదిగో వచ్చింది, చెంబు చూడు! రారా, ఇది కాదు, అదీ—"

"రెండో మనిషి అత్తయ్యా," అంది థిర్జా తల తిప్పకుండా. "మొదట వచ్చింది నేను." మణికట్టు పైదాకా చొక్కా చెయ్యి మడిచి, చెయ్యి చాచింది. "కానివ్వు జెత్రో."

జెత్రో మేకు వంక చూశాడు. చాచిన చేతిమీద నిన్న పాలుపడ్డ చోట చర్మం గులాబిరంగులో ఉంది. బొబ్బ లేవలేదు. అతని చెయ్యి కిందికి దిగిపోయింది.

"వద్దురా," అంది టామ్సిన్ ఉన్నట్టుండి. "వద్దు నాయనా, మేకు తుప్పుదో ఏమో. చీము పడుతుంది. మన పిల్లరా అది."

"కెజియా పిన్నమ్మ అయితే పట్టదా అత్తయ్యా?"

పొగగొట్టంలో కొవ్వు చుక్క ఒకటి పడి బుస్సుమంది.

"నువ్వు గియ్యకపోతే ఆగదు," అంది థిర్జా భర్తతో, వాళ్ళిద్దరికే వినపడేటట్టు. "రేపు ఇంకో దూడ పడితే ఇంకెవరి చెయ్యో చూస్తావు. గియ్యి. నమ్మి ఇంతదాకా వచ్చావుగా."

అతను గీశాడు. చూపు పక్కకు తిప్పుకుని గీశాడు. అందువల్ల అనుకున్నదానికంటే లోతుగా దిగింది. మోచేతి కింద పొడుగాటి గీత. ముందు తెల్లగా కనిపించి, తర్వాత ఎర్రటి పూసలు వరసగా లేచి, కలిసి జారాయి. మేకు గడపమీద పడి టంగుమంది. జెత్రో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు, తనకే గీరుకున్నట్టు.

అప్పుడు కెజియా దగ్గింది.

"నేను పులిసిన పిండికి వచ్చాను," అంది. "ఇవాళ మీకు వీలుకాదంటే పోతాను."

టామ్సిన్ కదిలింది. గోడపట్టుకుని అలమర దగ్గరికి వెళ్ళి, కుండమూత తీసి, ఎప్పుడూ ఇచ్చేదానికంటే పెద్ద ముద్ద తీసింది. తెచ్చి, కొడుకునీ కోడల్నీ దాటుకుని, వాకిట్లోకి దిగి చెంబులో వేసింది. కెజియా మూత పెట్టుకుని వెనక్కి తిరిగింది.

*

మధ్యాహ్నం భోజనం దగ్గర జెత్రో అడిగాడు. "ఆ కోపం. ఇంకా ఉందా?"

థిర్జా కట్టుకట్టిన చేత్తో రొట్టె కోస్తోంది. "దారి మూసే ఉందిగా," అంది.

అతను తిని లేచి, సుత్తీ పట్టకారూ తీసుకుని బీడులోకి వెళ్ళాడు. కాసేపటికి ఆమె కూడా వెళ్ళింది. చెక్కలు పీకేటప్పుడు రెండో కొస పట్టుకోవడానికి ఇంకెవరున్నారు? అతను పీకిన మేకులు ఒక్కొక్కటి ఆమె అరచేతిలో పెడుతున్నాడు. దూడలు దగ్గరికొచ్చి, చెక్కలవైపు నాలుకలు చాస్తుంటే మోకాలితో నెట్టాడు.

మూడో చెక్కను పడుకోబెట్టినప్పుడు ఎండ దానిమీద ఏటవాలుగా పడింది. పైన రంగు నిగనిగలాడుతోంది. కింద, దూడ మూతి అందేంత ఎత్తులో, రంగు లేదు. చెక్క పచ్చిగా బయటపడి, పళ్ళతో గోకిన గాట్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. అంచుల్లో పెళుసుబారిన రంగు పెచ్చులు వేలాడుతున్నాయి. థిర్జా ఒక పెచ్చును వేలితో తీసి నాలుక కొసకు తాకించింది. వెంటనే ఉమ్మేసింది. తియ్యగా ఉంది. సీసం కలిపిన రంగు, విషం.

తలెత్తేసరికి జెత్రో ఆమెనే చూస్తున్నాడు. అతను వంగి, గాట్లమీద బొటనవేలితో రుద్దాడు. నాలుగో చెక్క చూశాడు. అయిదోది చూశాడు. అన్నింటికీ అదే ఎత్తులో, అలాగే ఉంది. చెక్కల మధ్య కూర్చుండిపోయాడు. చివరికి అతని చూపు ఆమె చేతి కట్టుమీద ఆగింది.

"వీటిని పొయ్యిలో పెట్టొద్దు," అన్నాడు కడకు. "పాత రాళ్ళగోతిలో పూడ్చేస్తాను."

"పూడ్చు," అంది థిర్జా.

ఆదివారం మందిరం బయట టామ్సిన్ నలుగురినీ కూడగట్టి, హెక్స్ట్ చెప్పిన మంత్రం ఎలా పారిందో చెప్పింది. మిగిలిన దూడలు పళ్ళు నూరడంలేదు, మేత తింటున్నాయి. ఎవరికి గీరారన్నది మాత్రం ఆవిడ చెప్పలేదు. "అది మా ఇంటి సంగతి," అంది. జెత్రో టోపీ చేతుల్లో తిప్పుతూ నేలవంక చూశాడు. థిర్జా లోపల తన బల్ల దగ్గర ఇంకొంచెంసేపు మోకరిల్లింది. దూడల్ని బతికించింది ఎవరు? గుండెనా, మేకా, పట్టకారా? తన మనసులోని చెడ్డ కోరికనే పట్టుకుని దేవుడు ఇంత దూరం లాక్కొచ్చాడా? అడిగింది. లేచి మోకాళ్ళు దులుపుకుంది.

సోమవారం పొద్దున్న ఊట దగ్గర బట్టలు నానబెడుతుంటే కాలిదారిన బిందెల చప్పుడు వినిపించింది. కెజియా తిన్నగా బీడులోంచి వచ్చింది. వెనక్కి తిరిగి కంచె తలుపు గట్టిగా వేసి, పడిందో లేదో రెండోసారి లాగి చూసింది. ఊట దగ్గరికొచ్చి, బిందె ఒడ్డున పెట్టి, థిర్జా తడిచేతిని తన చేతిలోకి తీసుకుంది. కట్టు విప్పింది. గీతమీద అరచెయ్యి తాకీ తాకకుండా తిప్పి, పెదవులు కదిపి, మూడుసార్లు ఊదింది. మళ్ళీ కట్టు కట్టింది.

చెయ్యి మాత్రం వదల్లేదు. ముడతల ముఖంలో ఏదో కదులుతోంది. జీవితమంతా ఎవరినీ అననివ్వని మాట ఆవిడ పెదవుల దాకా వచ్చింది.

థిర్జా వేలెత్తింది.

కెజియా నోరు మూసుకుంది. ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చి, వంగి బిందె ఊటలో ముంచింది. నీళ్ళు గుడగుడమంటూ నిండాయి.